గిరి ప్రదక్షిణ: ఒక రాత్రి నడక, డెబ్బది దినముల సాధన

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు విశాఖపట్టణమంతయు నడచును. సింహాచలము కొండ దిగువన తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన జనప్రవాహము అడవివరము, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సముద్రతీరమునకు చేరి, అచ్చటనుండి నగరములోనికి తిరిగి సీతమ్మధార, కైలాసపురము, మాధవధార, గోపాలపట్నము, ప్రహ్లాదపురము దాటి మరల కొండ దిగువకు వచ్చును. ఈ చుట్టు 32 కిలోమీటర్లు. మధ్యాహ్నము బయలుదేరినవారు అర్ధరాత్రికిని, సాయంకాలము బయలుదేరినవారు తెల్లవారుజామునకును ముగింతురు. అనేకులు పాదరక్షలు లేకయే నడతురు.

ఈ ఉత్సవమునకు మరియొక విశేషము కలదు. దేవస్థానమువారును ప్రభుత్వ శాఖలవారును చేయు ఏర్పాట్లు ఎన్ని ఉన్నను, దారి పొడవునా నడచువానికి గ్లాసు నీరు, గిన్నెడు పులిహోర, కూర్చుండుటకు చోటు చూపించువారు స్వచ్ఛంద సేవకులే. వీధివారు, కళాశాల విద్యార్థులు, సేవాసంఘములవారు, వర్తకులు తమ ఖర్చుతో పందిళ్లు వేసి రాత్రియంతయు మేలుకొని సేవ చేయుదురు. నడచువారు, నడిపించువారు అను ఇరువురి పుణ్యముచేతనే ఈ ఉత్సవము సాగుచున్నది.

అయితే వైద్యుని దృష్టితో చూచినచో ఒక ప్రశ్న తప్పదు. సంవత్సరమంతయు కుర్చీలో కూర్చుండి పనిచేయు గృహస్థు, పాల ప్యాకెట్టుకు కూడ స్కూటరుపై వెళ్లువాడు, ఒక్క రాత్రిలో 32 కిలోమీటర్లు నడచుట వ్యాయామమా, సాహసమా? ఆయుర్వేదమున ‘సాహసము’ అను మాటకు శౌర్యమని అర్థము కాదు. తన బలమునకు మించిన పనికి పూనుకొనుట సాహసము. అది రోగకారణములలో ఒకటిగా చెప్పబడినది. గిరి ప్రదక్షిణ సాహసము కాకుండ సాధనగా మారవలెనన్నచో ఏమి చేయవలెనో ఈ వ్యాసమున వివరింతును.

నడకలో రెండు విధములు

సుశ్రుతాచార్యుడు నడకను రెండుగా విభజించినాడు. శరీరమును మిక్కిలి బాధింపని నడకకు ‘చంక్రమణము’ అని పేరు. అది ఆయువును, బలమును, మేధను, జఠరాగ్నిని వృద్ధిచేయును. ఇంద్రియములకు చురుకుదనము నిచ్చును. రెండవది ‘అధ్వము’, అనగా దూరపు బాటనడక. ఇది కఫమును, స్థూలత్వమును హరించును గాని, దానితోపాటు శరీరకాంతిని, సౌకుమార్యమును కూడ హరించును. అధ్వము అతియైనచో ధాతువులు శుష్కించు ‘అధ్వశోష’ కలుగునని కూడ ఆయన హెచ్చరించినాడు.

పాదములు అవే, బాట అదే. తేడా అంతయు నడచువాని బలములో ఉన్నది. ప్రతిదినము పది కిలోమీటర్లు నడచు పల్లెటూరి రైతుకు ఇరువది కిలోమీటర్లు చంక్రమణమునకు సమీపము. ఎన్నడును నడువని ఉద్యోగికి ఐదు కిలోమీటర్లే అధ్వము.

బలమును కొలుచుట ఎట్లు? వాగ్భటాచార్యుడు ‘అర్ధశక్తి’ యను కొలతను చెప్పినాడు. తన శక్తిలో సగము వరకే వ్యాయామము చేయవలెను. నుదుటిపైనను, ముక్కుపైనను, చంకలయందును, కీళ్లయందును చెమట పట్టుట, నోరు ఎండుట, ముక్కుతో చాలక నోటితో ఊపిరి తీయవలసివచ్చుట అర్ధశక్తికి గుర్తులు. వీటికి గడియారముతో పనిలేదు. ఈ గుర్తులు కనబడినప్పుడు వేగము తగ్గించవలెను.

ఆ హద్దు దాటినచో వచ్చునవి కూడ శాస్త్రమున చెప్పబడినవి: మిక్కుటమైన దప్పిక, ఆయాసము, దగ్గు, వాంతి, జ్వరము, రక్తపిత్తము, ఎంత విశ్రమించినను తీరని బడలిక. పౌర్ణమి మరునాడు వైద్యశాలలకు వచ్చువారి బాధలలో ఈ జాబితాలోనివి అనేకము కనబడును.

ఆషాఢమున మన బల మెంత?

అర్ధశక్తి వరకు వ్యాయామము హేమంత, శిశిర, వసంత ఋతువులలో, బలవంతులకు, స్నిగ్ధాహారము భుజించువారికి మాత్రమే విధింపబడినది. తక్కిన కాలములలో అంతకన్న తక్కువగా చేయవలెనని వాగ్భటుని మతము. ఆయన లెక్కలో జ్యేష్ఠాషాఢములు గ్రీష్మము. ఉత్తరాయణ మంతయు సూర్యుడు ప్రాణుల బలమును హరించు ఆదానకాలము. దాని చివరికి మానవుని బలము అత్యల్పముగా ఉండును. వానలు మొదలుకాగానే జఠరాగ్ని కూడ మందగించును.

విశాఖ వంటి సముద్రతీర నగరములో దీనికి తోడు గాలిలో తేమ అధికము. చెమట పట్టును గాని ఆరదు. చెమట ఆరినప్పుడే శరీరము చల్లబడును. కనుక ఎండ లేకపోయినను, రాత్రియైనను, నడచువాని లోపలి వేడి పెరుగుచునే ఉండును. మబ్బు పట్టినదికదా యని ఏమరుట ప్రమాదకరము.

అట్లని గిరి ప్రదక్షిణము శాస్త్రవిరుద్ధమని నేను చెప్పుటలేదు. బలము తక్కువగా ఉండు కాలమున పెద్ద నడక వచ్చుచున్నది గనుక, బలమును ముందుగానే కూడబెట్టుకొనవలెనని చెప్పుచున్నాను.

డెబ్బది దినముల సాధన

సింహాచల క్షేత్ర సంప్రదాయమే మనకొక చక్కని పంచాంగమును ఇచ్చుచున్నది. వైశాఖ శుద్ధ తదియ, అనగా అక్షయ తృతీయ నాడు చందనోత్సవము, స్వామివారి నిజరూప దర్శనము. ఆ పిమ్మట వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలయందు మరల చందన సమర్పణ జరుగును. చందనోత్సవమునుండి గిరి ప్రదక్షిణ వరకు సుమారు 70 దినములు, అనగా పది వారములు. నడుమ అధికమాసము వచ్చిన సంవత్సరమున మరియొక నెల లభించును. ఈ చందన దినములనే మెట్లుగా పెట్టుకొని సాధన చేయవచ్చును.

మొదటి మెట్టు – అక్షయ తృతీయనుండి వైశాఖ పూర్ణిమ వరకు, 12 దినములు. ప్రతి ఉదయము 2 కిలోమీటర్లతో మొదలిడి 3 కిలోమీటర్లకు రావలెను. అవి ఎండలు ముదిరిన దినములు గనుక సూర్యోదయమునకు ముందే బయలుదేరి, ఎండ ఎక్కకముందే ఇల్లు చేరవలెను.

రెండవ మెట్టు – వైశాఖ పూర్ణిమనుండి జ్యేష్ఠ పూర్ణిమ వరకు, ఒక నెల. ప్రతిదినము 4 లేక 5 కిలోమీటర్లు. వారమున కొకనాడు మాత్రము దీర్ఘమైన నడక: మొదటి వారము 6, రెండవ వారము 8, మూడవ వారము 10, నాల్గవ వారము 12 కిలోమీటర్లు. దీర్ఘ నడక మరునాడు విశ్రాంతి.

మూడవ మెట్టు – జ్యేష్ఠ పూర్ణిమనుండి ఆషాఢ శుద్ధ చతుర్దశి వరకు. వారపు దీర్ఘ నడక 14, 17, 20 కిలోమీటర్లకు పెరుగవలెను. వీటిలో ఒకటి సాయంకాలము మొదలిడి రాత్రి ముగించుట మేలు. నిద్రవేళ నడచుట శరీరమునకు కొత్త. చివరి వారము మాత్రము 2 లేక 3 కిలోమీటర్లకు మించరాదు. పరీక్ష ముందటి రాత్రి పుస్తకమును మూసి నిద్రించు విద్యార్థివలె, చివరి వారము కాళ్లకు విశ్రాంతి నీయవలెను.

ఒక నియమము మరువరాదు. నేటి నడక వలని నొప్పి మరునాటి ఉదయమునకు తగ్గనిచో దూరము పెంచకుడు. తగ్గువరకు ఆ మెట్టుననే నిలువుడు. మూడవ మెట్టునకు రాలేకపోయినవారు ఆ ఏడు పూర్తి చుట్టుకు పూనుకొనరాదు. అట్టివారు కొంత దూరము నడచి బస్సెక్కవచ్చును, కొండపై ఆలయ ప్రదక్షిణము చేయవచ్చును, లేదా సేవాపందిటిలో నిలువవచ్చును. మూడును ఉత్సవమున పాల్గొనుటయే.

20 కిలోమీటర్లు అలవడినవానికి 32 కిలోమీటర్లు అధికమే, గాని అపాయకరమగు సాహసము కాదు. ఇంకొక లాభము కూడ కలదు. పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. డెబ్బది దినములు ఈ క్రమమున నడచినవాడు ఆ కొలతను సులభముగా దాటును. పండుగ పేరుతో పట్టిన అలవాటు పండుగ తరువాత నిలిచినచో అదియే ప్రసాదము.

పాద సంరక్షణ

కొన్ని సంవత్సరములకు పూర్వము దంపతులిద్దరు ప్రదక్షిణ ముగించి నాలుగు దినములకు నావద్దకు వచ్చినారు. భర్తకు ఏబది దాటినవి, పదేండ్లుగా మధుమేహము. వట్టి కాళ్లతో మధ్యాహ్నపు తారురోడ్డుపై నడచినాడు. అరికాలు కాలినదని ఆయనకు తెలియనే లేదు. ఇంటికి వచ్చిన పిదప మేజోడుకు అంటిన రసిని చూచి భార్య గుర్తించినది. ఆ పుండు మానుటకు మూడు నెలలు పట్టినది, శస్త్రవైద్యుని సహాయము కూడ కావలసివచ్చినది. భార్యయో, ప్రతిదినము రైతుబజారునకు నడచి వెళ్లి వచ్చు మనిషి. రెండు దినముల కాళ్లనొప్పులతో బయటపడినది. ఇంటిలో ఆయన ‘నడకకు’ కారణము భక్తి, ఆమె ‘నడకకు’ కారణము కూరగాయలు. శరీరము మాత్రము కూరగాయల నడకనే లెక్కించినది.

కనుక మధుమేహము వలన పాదములు మొద్దుబారినవారు, పాదములపై మానని పుండున్నవారు వట్టి కాళ్లతో నడువనే రాదు. మెత్తని పాదరక్షలు ధరించుటచే భక్తికి లోపము రాదు.

తక్కినవారు చరకసంహితలో చెప్పిన పాదాభ్యంగమును పది వారములు నియమముగా చేయవలెను. రాత్రి పరుండబోవుముందు గోరువెచ్చని నువ్వులనూనెను అరికాళ్లకు, మడమలకు, వ్రేళ్ల సందులకు ఐదు నిమిషములు మర్దించి, గుడ్డతో తుడిచి పరుండవలెను. బిరుసుతనము, పగుళ్లు, తిమ్మిరి, అలసట తగ్గును. వట్టి కాళ్లతో నడువదలచినవారు అభ్యాసపు నడకలో చివరి అరకిలోమీటరుతో మొదలుపెట్టి క్రమముగా పెంచవలెను. గోళ్లను మూడు దినముల ముందుగానే కత్తిరించుకొనవలెను. తొడలు, చంకలు ఒరసుకొనుచోట్ల కొబ్బరినూనె లేక నెయ్యి రాచుకొని బయలుదేరవలెను. ధనుర్వాతపు టీకా గడువు దాటినదేమో వైద్యుని అడిగి తెలిసికొనుట మంచిది.

పొక్కు లేచినచో చించరాదు. శుభ్రమైన గుడ్డతో కప్పవలెను. దానంతటది చిట్లినచో కాచి చల్లార్చిన నీటితో కడిగి జాత్యాదిఘృతము పూసి కట్టు కట్టవలెను. చర్మము చెదరని అరికాలి మంటకు శతధౌతఘృతము మిక్కిలి హితము. మధుమేహులు గృహచికిత్సతో కాలయాపన చేయక ఆ దినమే వైద్యునికి చూపించుకొనవలెను.

నడకనాటి ఆహారపానీయములు

బయలుదేరుటకు రెండు గంటల ముందు తేలికయైన భోజనము చేయవలెను: మెత్తని అన్నము, పెసరపప్పు, కొద్దిగా నెయ్యి. కేవల ఉపవాసముతోను, కడుపునిండ తినియు నడువరాదు. దారిలో ప్రతి పందిటను పెట్టునదంతయు తినుట తగదు. పులిహోర, ఉప్మా, మిఠాయి, ఐస్‌క్రీము, మరల పులిహోర – ఈ వరుస మందాగ్ని కాలమున వాంతికి దారి తీయును. గంటకొకసారి కొద్దికొద్దిగా తినుట చాలును.

చరకాచార్యుడు శ్రమను హరించు పది ద్రవ్యములను ఒక వర్గముగా చెప్పినాడు: ద్రాక్ష, ఖర్జూరము, సారపప్పు, రేగు, దానిమ్మ, అత్తి, పుట్టికి, చెరకు, యవలు, షష్టిక ధాన్యము. వీటిలో ఎండుద్రాక్ష, ఖర్జూరము కొంగున కట్టుకొని పోదగినవి. యవల కషాయము, అనగా బార్లీ నీరు, దప్పికకు, మూత్రపు మంటకు మంచిది.

దప్పికను ఆపరాదు, అట్లని వట్టి నీరు లీటర్లకొలది త్రాగరాదు. చెమటతో ఉప్పు పోవుచుండగా నీరు మాత్రమే చేరినచో రక్తములో లవణము పలుచబడి తలనొప్పి, వాంతి, మతిభ్రమ కలుగవచ్చును. కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు సమచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపిన పానీయమును మధ్యమధ్య త్రాగవలెను. చెంచా టీ చెంచా కావలెను. ఉప్పు కొలత మీరరాదు. రక్తపోటు, మూత్రపిండ వ్యాధి, హృద్రోగము కలవారు తమ వైద్యుని ముందుగా అడుగవలెను.

మజ్జిగ కూడ మంచిదే, గాని ఆనాడు చిలికినది, పులియనిది, పలుచనిది కావలెను. పెరుగుకు నాలుగు రెట్లు నీరు చేర్చి చిలికి వెన్న తీసి, ఉప్పు, వేయించిన జీలకర్ర, చిటికెడు శొంఠి కలుపవలెను. ఒళ్లు మంట, తలతిరుగుడు, మూర్ఛ ఉన్నవారికి మజ్జిగ ఈయరాదని సుశ్రుతుని నిషేధము. సేవకులు దీనిని గుర్తుంచుకొనవలెను.

అప్పుఘర్ వద్ద సముద్రస్నానము చేయు ఆచారము కలదు. ఆషాఢమున సముద్రము కల్లోలముగా ఉండును. కాళ్లు బడలినవాడు అలల తాకిడికి నిలువలేడు. శ్రమతోను, వేడితోను ఉన్నవాడు తటాలున చల్లని నీటిలో దిగరాదని శాస్త్రము. ఒడ్డున నిలిచి నీటిని శిరస్సున చల్లుకొనుట చాలును.

సేవకుల ధర్మము

శ్రమ వలన కలిగిన ఆయాసమును బలవంతముగా అణచుట పదమూడు వేగధారణములలో ఒకటి. దాని వలన హృద్రోగము, గుల్మము, సమ్మోహము కలుగునని వాగ్భటుడు హెచ్చరించినాడు. చికిత్స విశ్రాంతియే. నడచువాడు తోటివారి ఎదుట ఆగుటకు సిగ్గుపడును. “ఇంకెంత దూరమండీ, నడవండి, నడవండి” యని ప్రోత్సహించు సేవకునికన్న “కాసేపు కూర్చోండి బాబూ, అప్పన్న ఎక్కడికీ పోడు” అనగల సేవకుడు నిజమైన వైద్యుడు. పందిటిలో మరియొక మిఠాయి గంగాళముకన్న నాలుగు బల్లలు ఎక్కువ మేలుచేయును.

సేవాసంఘములవారు ఈ క్రింది విషయములు పాటింతురు గాక:

1. సేవ అంతయు మొదటి భాగముననే కేంద్రీకరింపరాదు. అర్ధరాత్రి దాటిన తరువాత, చివరి పది కిలోమీటర్లలోనే దాని అవసరము హెచ్చు.

2. నీరు, పానీయములు అరగ్లాసు చొప్పున ఈయవలెను. నీటి మూలము శుభ్రమైనదిగా ఉండవలెను. కాచిన నీరు శ్రేష్ఠము. ఐసు గడ్డలు వేయరాదు.

3. మధ్యాహ్నము వండిన పులిహోరను అర్ధరాత్రి పంచరాదు. కొద్దికొద్దిగా వండి వేడిగా ఉండగనే పెట్టవలెను.

4. ఆకు దొన్నెలు, కాగితపు గ్లాసులు వాడి, వాటిని వేయుటకు గంపలు ఉంచవలెను. వట్టి కాళ్లవాని పాదమునకు నేలపై పడిన పుల్లయు శత్రువే.

5. సేవకులు నాలుగు గంటల కొకసారి మారవలెను. రాత్రియంతయు నిలిచి, నిద్ర మాని, తినక సేవ చేసినవాడు మరునాడు తానే రోగి యగును.

6. ప్రతి పందిటిలో ఒక్కరైనను నడచువారి పాత్రలను గాక ముఖములను చూచుచుండవలెను. తూలు నడక, తడబడు మాట, పాలిపోయిన పెదవులు, పొంతనలేని జవాబు కనబడినచో వెంటనే చేయిపట్టి కూర్చుండబెట్టవలెను.

ఆలస్యము పనికిరాని చిహ్నములు

ఛాతీలో బరువు, నొప్పి ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకుట, చల్లని చెమట – ఇవి ‘గ్యాసు’ అని సోడా త్రాగించుటకు సమయము కాదు. 108కి ఫోను చేయవలెను. శరీరము కాలిపోవుచు, మాట తడబడుచున్నచో వడదెబ్బ. అట్టివానిని నీడకు చేర్చి, ఆలస్యము చేయక ఒంటిపై చల్లని నీరు పోసి విసరుచు 108ని పిలువవలెను. ఆరోగ్యవంతుని చల్లని నీటి విషయమున చెప్పిన నిషేధము ఇచ్చట వర్తింపదు. తెలివి తప్పినవాని నోటిలో ఏమియు పోయరాదు. మధుమేహమునకు ఇన్సులిను గాని మాత్రలు గాని వాడువాడు వణకుచు, చెమట పట్టి, తెలివితో ఉన్నచో వెంటనే పంచదార తినిపింపవలెను.

హృద్రోగులు, అదుపులో లేని రక్తపోటు కలవారు, గర్భిణులు, ఇటీవల శస్త్రచికిత్స పొందినవారు, ఆ వారమున జ్వరము గాని విరేచనములు గాని వచ్చినవారు ఈ నడకకు పూనుకొనరాదు.

మరునాడు

ఇంటికి చేరగనే కడుపునిండ భుజించి పరుండుట తగదు. గోరువెచ్చని నీటితో కాళ్లు కడుగుకొని, పెసరకట్టు లేక పలుచని జావ త్రాగి, కాళ్లక్రింద దిండు పెట్టుకొని నిద్రింపవలెను. లేచిన పిదప నువ్వులనూనె గాని మహానారాయణ తైలము గాని పిక్కలకు, మోకాళ్లకు, నడుమునకు మృదువుగా రాచి వేడినీటి స్నానము చేయవలెను. రెండు దినములు విశ్రాంతి, మూడవనాడు చిన్న నడక. ఒంటిలో నీరు తగ్గియున్నప్పుడు నొప్పి మాత్రలు మ్రింగుట మూత్రపిండములకు హానికరము. మూత్రము టీ కషాయపు రంగులో వచ్చినను, ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినను ఆసుపత్రికి వెళ్లవలెను.

32 కిలోమీటర్లకు సుమారు 45 వేల అడుగులు. ఆ అడుగులను ఒక్క రాత్రిలో సంపాదించుట కుదరదు. డెబ్బది ఉదయములలో కూడబెట్టి ఆ రాత్రి ఖర్చుపెట్టవలెను. ఇంటిలో ఎవరైనను రాబోవు ఆషాఢమునకు మ్రొక్కుకొనియున్నచో, నేడే పంచాంగము తీసి అక్షయ తృతీయకు గుర్తు పెట్టుడు; వారితో కూడ మొదటి రెండు కిలోమీటర్లు మీరును నడువుడు.